గాలి లేని సాయంత్రం ఆ అల ఎక్కడిది? మోకాలి లోతులో ఎందుకు లాగింది?

ప్రశ్న చూడని వాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. ఈయన ఖమ్మం నుంచి చెన్నై వచ్చి పెరుంగుడిలో ఉద్యోగం చేస్తున్నారు. ఆదివారాలు తొమ్మిదేళ్ళ అబ్బాయిని తీసుకుని బీసెంట్ నగర్ బీచ్‌కి వెళ్తారు. పోయిన వారం చెట్టు మీద ఆకు కదలని సాయంత్రం, అలలు మాత్రం ఛాతీ ఎత్తున వచ్చి పడ్డాయట. మోకాలి లోతులో నిలబడ్డ పిల్లవాణ్ణి వెనక్కి పోయే నీళ్ళు పడదోసి నాలుగడుగులు లాక్కుపోయాయి. పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. గాలి లేకుండా అల ఎలా వచ్చింది, ఏడో అల పెద్దదంటారు నిజమేనా, అంత తక్కువ లోతులో అంత లాగుడు ఎక్కడిది అన్నవి ఆయన అడిగినవి.

మాది బందరు. చెన్నై వచ్చి ముప్పై మూడేళ్ళు. రేవుల దగ్గర సముద్రం లోతు కొలిచే సర్వే పని నాది. పడవ మీద సగం, నడుం లోతు నీళ్ళలో కొలకర్ర పట్టుకుని సగం గడిచింది ఉద్యోగం. లెక్కలు కట్టి చెప్పగల ప్రొఫెసర్లు ఇక్కడే ఐఐటీ మద్రాస్‌లో ఓషన్ ఇంజనీరింగ్ విభాగంలో ఉన్నారు, వాళ్ళ దగ్గర అలల్ని పుట్టించే పొడవాటి తొట్లు కూడా ఉన్నాయి. నేను చెప్పేది ఒడ్డున నిలబడి చూసేవాడికి పనికొచ్చే మాట.

అలని పుట్టించేది గాలే. అందులో అనుమానం లేదు. కాకపోతే మీ ముఖానికి తగిలే గాలి కానక్కర్లేదు. అల ఎంత పెద్దదవుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: గాలి ఎంత జోరుగా వీచింది, ఎంతసేపు వీచింది, అడ్డు లేకుండా ఎంత దూరం నీటి మీద వీచింది. మధ్యాహ్నం చెన్నైలో మొదలయ్యే సముద్రపు గాలి ఈ మూడింట్లోనూ బలహీనమే. దాని వల్ల లేచేవి నాలుగైదు సెకన్లకొకటి వచ్చే చిన్న చిన్న గజిబిజి అలలు. దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం దాటాక ఉండే సముద్రం సంగతి వేరు. అక్కడ వందల కిలోమీటర్ల మేర, రోజుల తరబడి తుఫాను గాలి వీస్తుంది. అక్కడ పుట్టినవి గాలిని వదిలేసి బయటికొచ్చి, ప్రయాణంలో సాపు అయి, ఒకదాని వెనక ఒకటి వరుస కట్టి వస్తాయి. వీటిని స్వెల్ అంటాం. మీరు చూసినవి అవే అయ్యుండాలి.

ఎంత దూరం వస్తాయో మీరే లెక్క వేసుకోవచ్చు. లోతైన నీటిలో అల పొడవు తెలియాలంటే రెండు అలల మధ్య సెకన్లని అదే సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని 1.56తో గుణిస్తే చాలు, మీటర్లలో వస్తుంది. 16 సెకన్ల స్వెల్ పొడవు దాదాపు 400 మీటర్లు, వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఒక్కో అల 90లో పరిగెత్తినా, అలల గుంపు మాత్రం అందులో సగం వేగంతోనే ముందుకు జరుగుతుంది. గుంపు వెనక నుంచి కొత్త అల లేస్తుంది, గుంపులోంచి ముందుకు సాగుతుంది, ముందు అంచుకి వచ్చి సద్దుమణుగుతుంది. కాబట్టి లెక్కకి గంటకు 45 తీసుకోవాలి. అంటే రోజుకి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. దక్షిణాన 45 డిగ్రీల దగ్గర నుంచి చెన్నైకి సుమారు 6,400 కిలోమీటర్లు. ఆరు రోజులు. మీ అబ్బాయిని పడేసిన అల వెనక ఉన్న గాలి ఆరు రోజుల కిందే వీచి ఆగిపోయి ఉండొచ్చు. శ్రీలంక మనకి కొంత అడ్డు పడుతుంది గానీ పూర్తిగా ఆపలేదు.

కేరళ జాలర్లు దీనికి కల్లక్కడల్ అని పేరు పెట్టారు, దొంగలా వచ్చే సముద్రం అని. ఆ పేరునే ఇప్పుడు శాస్త్రవేత్తలూ వాడుతున్నారు. ఇలాంటి అలల గురించి ముందే హెచ్చరికలు ఇచ్చేది ఇన్‌కాయిస్, 1999లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఉండేది హైదరాబాద్‌లో. సముద్రమే లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం సంగతి చెప్తారని మేము నవ్వుకునేవాళ్ళం గానీ, వాళ్ళ మాట నేను పెడచెవిన పెట్టను. 2024 మే 6న కన్యాకుమారి దగ్గర లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ రోజుల్లో స్వెల్ హెచ్చరిక అమల్లోనే ఉంది.

అల వస్తోందంటే నీళ్ళు వస్తున్నాయని కాదు. మిద్దె మీద తాడుకి చీర ఆరేసి ఒక అంచు పట్టుకుని ఊపండి. ముడత అటు చివరికి పోతుంది, చీర తాడు మీదే ఉంటుంది. లోతు నీటిలో అల కూడా అంతే. కొబ్బరి డొక్క ఒకటి విసిరి చూడండి, అల వచ్చినప్పుడు ముందుకీ పైకీ, పోయినప్పుడు వెనక్కీ కిందికీ, గానుగెద్దులా ఒక చుట్టు తిరిగి దాదాపు ఉన్నచోటికే వస్తుంది. పైన నీరు పెద్ద చుట్టు తిరుగుతుంది, లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, అల పొడవులో సగం లోతుకి వెళ్ళేసరికి దాదాపు ఏమీ ఉండదు. ఈ సగం అన్న మాట గుర్తు పెట్టుకోండి. లోతు అంతకంటే తగ్గితే అలకి కింద నేల తెలుస్తుంది. అక్కడి నుంచి అల ఏం చెయ్యాలో చెప్పేది నేలే, గాలి పని అయిపోయింది.

ఏడో అల సంగతి తొందరగా తేల్చేస్తాను. అలలు గుంపులుగా వస్తాయి, అది నిజం. కొంచెం తేడా పొడవున్న వరుసలు ఒకదాని మీద ఒకటి పడి, ఎత్తులు కలిసినచోట పెద్దవీ, కలవనిచోట చిన్నవీ వస్తాయి. నాలుగైదు పెద్దవి, తర్వాత కాస్త నిమ్మళం, మళ్ళీ పెద్దవి. అది ఏడోదే కావాలని రూలేం లేదు. నేను లెక్కపెట్టినప్పుడు ఐదోది వచ్చింది, పదకొండోదీ వచ్చింది. కానీ ఆ సామెతలో పనికొచ్చే విషయం ఒకటుంది. వాతావరణ సూచనలో అలల ఎత్తు మీటరున్నర అని చెప్తే అది అన్నిటికంటే పెద్దదాని ఎత్తు అనుకోకండి. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసి వాటి సగటు చెప్తారు. వెయ్యి అలల్లో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఎనిమిది సెకన్లకొక అల చొప్పున వెయ్యి అలలంటే రెండుంపావు గంటలు. మీరు బజ్జీలు తిని, గాలిపటం ఎగరేసి, ఇంటికి బయల్దేరే లోపు ఆ అల ఒక్కటైనా వచ్చిపోతుంది. అరగంటగా ఇంతే వస్తోంది కదా అనే ధీమా అందుకే పనికిరాదు.

ఇప్పుడు ఒడ్డుకి వద్దాం. ఎనిమిది సెకన్ల అల తీసుకోండి. లోతులో దాని పొడవు వంద మీటర్లు, వేగం గంటకు 45 కిలోమీటర్లు. రెండు మీటర్ల లోతుకి వచ్చేసరికి వేగం 16కి పడిపోతుంది. లోతు తగ్గినచోట అల వేగం లోతు మీదే ఆధారపడుతుంది, ఇంక దేని మీదా కాదు. స్కూలు పుస్తకాల్లో నేల రాపిడి వల్ల అల కాళ్ళు ఆగిపోయి తల ముందుకు పడుతుందని రాస్తారు. రాపిడి లేదనను, కానీ దాని పాత్ర చిన్నది. గుండ్రంగా తిరిగే నీటికి కింద చోటు చాలక చుట్టు చపిడిగా నొక్కుకుపోతుంది, అల నెమ్మదిస్తుంది. నేల నున్నటి గాజులా ఉన్నా అల విరుగుతుంది.

ముందున్నది నెమ్మదిస్తే వెనకున్నది దగ్గరికి వస్తుంది. ఓఎంఆర్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దగ్గర కార్లు చూడండి. నిమిషానికి దాటే కార్లు అన్నే, మధ్య దూరం మాత్రం తగ్గిపోతుంది. అల సెకన్లు మారవు, పొడవు వంద నుంచి ముప్పై ఐదు మీటర్లకి కుంచించుకుపోతుంది, అదే శక్తి ఇరుకులో సర్దుకోవాలి కాబట్టి ఎత్తు పెరుగుతుంది. అందుకే దూరం నుంచి చూస్తే చదునుగా కనిపించే సముద్రం చివరి వంద మీటర్లలో గోడలా లేస్తుంది. పడవలో ఉన్న మాకు అక్కడ అలే లేనట్టుండేది. ఒడ్డున నిలబడ్డ అసిస్టెంట్ ఫోన్ చేసి, సార్ ఇప్పుడు దిగొద్దు అనేవాడు.

ఇంకొకటి జరుగుతుంది. అలలు ఒడ్డుకి ఏటవాలుగా బయల్దేరినా చివరికి దాదాపు తిన్నగా వచ్చి పడతాయి. ఎడ్లబండి ఒక చక్రం బురదలో పడితే బండి అటువైపు తిరుగుతుంది కదా. అల ఒక కొస ముందు తక్కువ లోతులోకి వచ్చి నెమ్మదిస్తుంది, రెండో కొస ఇంకా లోతులో జోరుగా ఉంటుంది, మొత్తం వరుస ఒడ్డువైపు తిరుగుతుంది. ఇదే లెక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్ళ దగ్గర అలలు కూడి గట్టిగా కొడతాయి. చెన్నై దగ్గరి కోవళంలో సర్ఫింగ్ చేసేవాళ్ళు చేరేది ఇలాంటి ఒంపుల కోసమే.

తిన్నగా అన్నాను గానీ, పూర్తిగా తిన్నగా కాదు. ఆ మిగిలిన కొద్ది ఏటవాలు ఈ ఊరి రూపమే మార్చేసింది. చెన్నైలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకని ఉత్తరానికి నెడతాయి, ఈశాన్యపు గాలులప్పుడు దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1870ల్లో రేవు గోడలు కట్టడం మొదలుపెట్టేసరికి ఆ ఇసుక దక్షిణం వైపు ఆగిపోయింది. మనం చూసే మెరీనా వెడల్పులో చాలా భాగం అలా మేట వేసినదే. అటువైపు రాయపురం, తిరువొత్తియూరుకి రావాల్సిన ఇసుక రాక ఒడ్డు కోసుకుపోయింది, రాళ్ళు పోస్తూనే ఉన్నారు. ఒకవైపు వాళ్ళకి బీచ్, ఇంకోవైపు వాళ్ళకి ఇళ్ళు పోవడం. ఇందులో న్యాయం వెతికితే దొరకదు.

ఆ రేవు రాకముందు ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడేవి. మనుషుల్నీ సరుకునీ అలల్లోంచి ఒడ్డుకి చేర్చేవి మసూలా పడవలు. వాటి పలకలకి మేకులు కొట్టేవారు కాదు, కొబ్బరి తాడుతో కుట్టేవారు. విరిగే అల మీద నుంచి నేలకి కొట్టుకున్నప్పుడు మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. అల ఎక్కడ విరుగుతుందో, ఎప్పుడు పెద్దదాని వెనక సందు దొరుకుతుందో ఆ పడవ నడిపేవాళ్ళకి తెలిసినంత నాకు తెలీదు.

అల ఎక్కడ విరుగుతుంది? ఎత్తు లోతులో సుమారు ముప్పావు వంతుకి చేరినప్పుడు. మీటరు అల విరగాలంటే నీళ్ళు మీటరు పైన ఒక జానెడున్నర ఉండాలి. ఎలా విరుగుతుందన్నది వాలు మీద ఉంటుంది. నేల చాలా నెమ్మదిగా లేస్తే అల తలమీద నురగ కార్చుకుంటూ చాలా దూరం మెల్లగా వస్తుంది. వాలు నిటారైతే ఒక్కసారిగా మడత పడి దబ్బున పడుతుంది, వీపు మీద దెబ్బలా. మన బీచ్‌ల నీటి అంచు చాలాచోట్ల ఈ రెండో రకం. మెరీనాలో దిగొద్దని పోలీసులు అరిచేది ఊరికే కాదు.

విరిగాక మాత్రం కథ మారుతుంది. ఇంతవరకూ నీళ్ళు కదల్లేదన్నాను, ఇప్పుడు నిజంగానే కదుల్తాయి. నురగతో ఒడ్డెక్కేవి అసలు నీళ్ళే. ఎక్కినవి దిగాలి. మీ అబ్బాయిని పడేసింది ముందుగా ఈ దిగే నీరే. వాలు నిటారుగా ఉంటే జోరు పెరుగుతుంది. ఒక ఘనమీటరు సముద్రపు నీరు టన్ను పైన బరువుంటుంది. మోకాలి లోతు నీళ్ళు మనిషి కాళ్ళని కొట్టేటప్పుడు ఎంత బరువు కదుల్తోందో ఊహించండి. దానికితోడు మడమల కింద ఇసుక కరిగిపోతుంది, పిల్లలు అదే ఆటనుకుని నవ్వుతారు. నిలబడటానికి నేలే లేనప్పుడు లోతు ఎంతైతేనేం? ఒక కాలు గుంటలో కూరుకుంటుంది, పడతాడు, లేచేలోపు ఇంకో అల.

ఇక్కడితో ఆపెయ్యొచ్చు గానీ మీరు ప్రశ్నతో పాటు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఎడమవైపు తెల్లటి నురగ, కుడివైపు తెల్లటి నురగ, మీవాడు నిలబడ్డచోట మధ్యలో పదిహేను ఇరవై మీటర్ల మేర నురగ లేదు, నీళ్ళు కాస్త మట్టిరంగుగా ఉన్నాయి. ప్రశాంతంగా ఉందని అక్కడ దింపి ఉంటారు. నేనైనా కొత్తలో అదే చేసేవాణ్ణి.

పైన చెప్పినదాన్ని తిరగేసి చూడండి. తక్కువ లోతులోనే అల విరుగుతుంది. కాబట్టి విరగని చోట లోతు ఎక్కువ. ఒడ్డుకి కొంచెం ఎడంగా నీళ్ళ కింద ఇసుక దిబ్బ ఉంటుంది, అలలు దాని మీద విరిగి నీళ్ళని లోపలికి తోస్తూ ఉంటాయి. ఆ నీళ్ళన్నీ తిరిగి పోవడానికి దిబ్బలో గండి వెతుక్కుంటాయి. గండి దొరికితే దాన్నే తవ్వుకుని లోతు చేసుకుంటాయి. అటూ ఇటూ ఒడ్డు వెంట పారి వచ్చి, ఆ గండిలోంచి సముద్రంలోకి కాలవలా పోతాయి. రిప్ కరెంట్ అంటారు దీన్ని. మామూలుగా సెకనుకి అర మీటరు వేగం, జోరెక్కినప్పుడు రెండు మీటర్లు కూడా దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు వంద మీటర్ల పోటీలో ఈదేది ఇంచుమించు ఆ వేగంతోనే. చూసేవాడికి అదే అన్నిటికంటే నెమ్మదైన చోటు.

నేనొకసారి అందులో పడ్డాను. పాతికేళ్ళ కింద, కోవళం దగ్గర, కొలకర్ర చేతిలోంచి జారితే పట్టుకోబోయి. ఈత వచ్చుననే పొగరుతో ఒడ్డువైపే ఈదాను. ఐదు నిమిషాలు ఈది తల తిప్పితే ఒడ్డు ఇంకా దూరమైంది. మా పడవ సరంగు నెల్లూరు మనిషి. పడవలోంచి కేకేశాడు: "సార్, దాంతో పెట్టుకోబాకండి, పక్కకి రాండి!" ఒడ్డు వెంట, కుడివైపుకి ఈదాను. ముప్పై మీటర్లు పోయేసరికి లాగుడు తగ్గి, అలలే తెచ్చి ఇసుక మీద పడేశాయి. కొలకర్ర మాత్రం పోయింది.

అది మనిషిని కిందికి లాగదు, బయటికి లాగుతుంది. అలలు విరిగే వరుస దాటాక దాని బలం తగ్గిపోతుంది. ముంచేది సాధారణంగా భయంతో కూడిన అలసట. ఈత వస్తే ఒడ్డు వెంట పక్కకి ఈదాలి. రాకపోతే, అలిసిపోతే, వెల్లకిలా తేలి చెయ్యెత్తాలి. కాపాడటానికి దూకేవాళ్ళు చనిపోవడం కూడా ఎక్కువే. మీరు వెళ్ళే బీచ్‌లోనే తెల్లటి కట్టడం ఉంది కదా, ష్మిట్ స్మారకం, అది 1930లో మునిగిపోతున్నవాళ్ళని రక్షించబోయి చనిపోయిన డేనిష్ నావికుడిది. అందరూ దాని ముందు సెల్ఫీ దిగుతారు. ఎవరైనా కొట్టుకుపోతుంటే ముందు ఖాళీ వాటర్ క్యానో, బంతో, తాడో ఏదైనా విసరండి. తేలేది ఏదైనా ప్రాణం నిలబెడుతుంది.

సునామీ గురించి కింద ఎవరో అడిగారు. అది గాలి అల కాదు. దాని పొడవు వందల కిలోమీటర్లు కాబట్టి నాలుగు కిలోమీటర్ల లోతు సముద్రం కూడా దానికి తక్కువ లోతే, వేగం గంటకు 700 కిలోమీటర్లు. 2004 డిసెంబరు 26న సుమత్రా భూకంపం తర్వాత రెండున్నర గంటల్లో మెరీనాకి వచ్చింది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి నేల బయటపడితే గవ్వలు ఏరుకోకుండా పరిగెత్తండి. దీనికి ఇంతకంటే ఇక్కడ అవసరం లేదు.

ఈ ఆదివారం వెళ్ళినప్పుడు నేరుగా నీళ్ళ దగ్గరికి పోకండి. ఇసుక కాస్త ఎత్తుగా ఉన్నచోట పది నిమిషాలు కూర్చోండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పదకొండు అలలు ఒకే చోట విరిగే దాకా చూసి, వచ్చిన సెకన్లని పదితో భాగించమని మీవాడికి చెప్పండి. నాలుగైదు వస్తే ఇక్కడి గాలిది. పన్నెండు దాటితే దూరాన్నుంచి వచ్చింది, ఆ రోజు పాదాల తడితో సరిపెట్టుకోండి. తర్వాత నురగ లేని పట్టీ ఎక్కడుందో వాణ్ణే కనిపెట్టమనండి. అది చోటు మారుతూ ఉంటుంది, దిబ్బ మారితే గండి మారుతుంది, కాబట్టి పోయిన వారం చూసిన చోటు ఈ వారం లెక్కకి రాదు. కనిపెట్టాక దానికి బాగా ఎడంగా, అలలు మెల్లగా నురగ కార్చుకుంటూ వచ్చే వైపు, పిల్లాడి మణికట్టు మీ చేతిలో ఉంచుకుని దిగండి. వేళ్ళు పట్టుకుంటే జారిపోతాయి.